ఖాళీ డబ్బా తిప్పి పంపొద్దు

పోయిన సోమవారం కారేపల్లి దవాఖానాలో పిల్లలకు టీకాలేస్తున్న. బయట బెంచీ మీద ఎవరో ముసలాయన గంట నుంచి కూర్చున్నడని ఆయమ్మ వచ్చి చెప్పింది. చీటీ రాయించుకొమ్మను అన్న. "చీటీ వద్దట. నర్సమ్మ కావాల్నట," అన్నది. నాకు అసలే చిరాకు. ఒక పక్క పిల్లల ఏడుపు, ఇంకో పక్క పొద్దుటి నుంచి కరెంటు లేదు. బయటికొచ్చి "ఏంది పెద్దాయనా, ఏం కావాలె?" అని గట్టిగానే అడిగిన. ఆయన లేచి నిలబడ్డడు. అంత ఎండలో కూడా మెడ దాకా గుండీలు పెట్టుకున్న తెల్ల చొక్కా. మనిషి సగానికి సగం తగ్గిండు గాని ఆ పై గుండీని చూసి గుర్తుపట్టిన. నేను ముందు పనిచేసిన ఊరి పెద్దమ్మ తమ్ముడు.

"అక్క పోయింది నర్సమ్మా. పదిరోజులైంది," అన్నడు.

నేనేదో అనేలోపే చేతి సంచిలో నుంచి ఒక స్టీలు డబ్బా తీసి నా చేతిలో పెట్టిండు. "ఇది నీకియ్యమన్నది. ఖాళీగ మాత్రం ఇయ్యొద్దన్నది. ఏం పెట్టాల్నో నాకు తెలువలే. అడుగుదామంటే ఆమె లేకపాయె."

డబ్బా తిప్పి అడుగు చూసిన. చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేరు. మా అమ్మ పేరు.

ఆ డబ్బా సంగతి చెప్పాలంటే నా చెల్లెలి సంగతి చెప్పాలె. నాకు బోనకల్‌లో ఒక చెల్లెలుంది. ఆ సోమవారానికి నేను దాని మొహం చూడక ఏడేండ్లు. ఒకే ఒక్కసారి ఫోన్‌లో మాట్లాడిన, అది మాట్లాడకపోయినా బాగుండు. డబ్బా చేతికొచ్చినంక నాలుగు రోజులు నాకు కుదురు లేదు. అన్నం ముందు కూర్చుంటే లేవబుద్ధయ్యేది, లేస్తే ఎటు పోవాల్నో తెలిసేది కాదు. పెద్దమ్మ గురించి రాస్తే మనసు కొంచెం నెమ్మదిస్తదేమోనని ఇప్పుడు రాస్తున్న. ఆమె ఎప్పుడు పుట్టిందో, ఎవరి బిడ్డో నాకు తెలువదు. నాకు తెలిసింది ఆమె చేతులు, ఆమె మాటలు, ఒకటి రెండు ఆదివారాలు. అంతే.

మణుగూరు దాటి అడవిలోకి పోతే వచ్చే ఊరది. బొగ్గుబాయి పనికి పోయేటోళ్ళు కొందరు, ఆకు కోసుకొని ఇంత పొలం చేసుకొని బతికేటోళ్ళు కొందరు. అక్కడి సబ్‌సెంటర్‌లో నేను ఏఎన్ఎంగా నాలుగేండ్లు చేసిన. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. సిగ్నల్ కావాలంటే నీళ్ళ ట్యాంకు మెట్లెక్కాలె. సబ్‌సెంటర్‌కూ రేకుల ప్రార్థనా మందిరానికీ మధ్య ఒక్కటే గోడ. మందిరం ఊడ్చి, చాపలు పరిచి, కుండలో నీళ్ళు నింపే మనిషే పెద్దమ్మ. ఊరందరికీ పెద్దమ్మే. నాకూ పెద్దమ్మే.

చేతులు ఖాళీగా ఉంటే ఆమెకు ప్రాణం మీదికొచ్చేది. ఎప్పుడు చూడు ఒడిలో మోదుగాకులు, నోట్లో చీపురుపుల్లలు. ఆకు మీద ఆకు పెట్టి, పుల్ల గుచ్చి, తుంచి, విస్తరి తిప్పేది. పాస్టరయ్య వాక్యం చెప్తున్నా సరే ఆ పని ఆగదు. ఒకసారి ఆయన నొచ్చుకొని, "అమ్మా, ప్రసంగం అయ్యేదాకా పక్కన పెట్టరాదా?" అన్నడు. ఆమె పుల్ల నోట్లో నుంచి తియ్యకుండానే, "ఇనేది చెవులతోటేగదా అయ్యా, చేతులతోటి గాదుగదా. నువ్వు చెప్పు," అన్నది. ప్రసంగం సాగదీస్తే విస్తర్లు పెరిగేవి. ఆరాధన అయినంక వాటిని ఒకటొకటిగా పేర్చి, "ఇయ్యాల అయ్యగారు పదిహేను చెప్పిండు," అనేది. ఆమె లెక్క అది.

వెనక నుంచి పిలిస్తే ఆగేది కాదు. ఎంత గొంతు చించుకున్నా సరే నడుస్తనే ఉండేది. ముందుకు ఉరికి పోయి ఎదురుగా నిలబడితే, "గిట్ల మొగం చూసి చెప్పు, అప్పుడు ఇంట," అనేది. బీపీ గోళీలిస్తే తీసుకొని పొయ్యి గూట్లో దాచేది. "ఏసుకున్నవా పెద్దమ్మా?" అంటే "అవ్," అనేది. గూట్లో చెయ్యి పెడితే నెల గోళీలు నెల అట్లనే ఉండేవి. నేను తిట్టేదాన్ని. తిట్టినంతసేపు నవ్వేది.

ఆమె బీపీ నెల మొదటి ఆదివారం తప్పకుండా పెరిగేది. ఎందుకో నాకు మొదట్లో తెలువలేదు.

ఆ ఊరి సంఘంలో నెల మొదటి ఆదివారం ప్రభు బల్ల, అంటే ఏసయ్యను తలుచుకొని రొట్టె, ద్రాక్షరసం పంచుకునుడు. పట్నంలో లాగ సీసాల్లో ద్రాక్షరసం కొనుక్కొచ్చేటోళ్ళు లేరు. శనివారం పొద్దుగూకే యాళ్ళకు పెద్దమ్మ నల్లటి ఎండుద్రాక్ష కడిగి నానేసేది. ఆదివారం కోడి కూయంగనే లేచి తానం చేసి, నానిన పండ్లను పిసికి, తెల్లగుడ్డలో వడగట్టి, పాత్రలో పోసి బల్ల మీద పెట్టేది. అంత చేసి, పాస్టరయ్య ఎప్పుడూ చెప్పే మాట చెప్పంగనే, అంటే ఎవరి మీద కోపమున్నా ముందు పోయి సమాధానపడి రండి అనంగనే, ఆమె విస్తరి పక్కన పెట్టి లేచి బయటికి పోయేది. మందిరం ముందు బోరింగ్ ఉండె. దాని సిమెంటు గద్దె మీద మా వైపు వీపు పెట్టి కూర్చునేది. లోపల అందరం ఒకరికొకరం చేతులు జోడించి వందనాలు, వందనాలు అనుకునేటోళ్ళం. నోరు నవ్వుతుంటే నొసలు వెక్కిరించే వందనాలు కూడా అందులో ఉండేవి, నాకెందుకు అబద్ధం. బల్ల అయినంక ఆమె లోపలికొచ్చి పాత్ర కడిగి బోర్లించేది. వండిన మనిషి వడ్డన వేళకు లేచిపోయినట్టుండేది నాకు.

ఇంకోటి కూడా గమనించిన. అందరం కలిసి ప్రభువు నేర్పిన ప్రార్థన చెప్పేటప్పుడు, ఎదుటోళ్ళను మేం క్షమించినం అనే చోటికి రాంగనే ఆమె గొంతు ఆగిపోయేది. ఆ ఒక్క ముక్క దాటినంక మళ్ళీ అందుకునేది, అందరికంటె గట్టిగా. ఎన్ని వారాలు చూసినా అంతే.

"ఎందుకట్ల పెద్దమ్మా?" అని ఒకరోజు అడిగిన.

"చెయ్యని పని చేసిన అని దేవునికే చెప్పాల్నా? ఆయన ఏమన్న ఎర్రోడా?" అన్నది.

చెయ్యని పని ఏందో ఊరంతా తెలుసు. సంఘపెద్ద ఆమె సొంత తమ్ముడు. తల్లి చిన్నప్పుడే పోతే ఈమే చంకనెత్తుకొని పెంచింది. అడ్డాలనాడు బిడ్డలు గాని గడ్డాలనాడు బిడ్డలా అంటరు గదా, అట్లనే అయింది. పెద్దమ్మ పెనిమిటికి ఇప్పసారా అలవాటు. మందిరానికి తాగొస్తున్నడని, సంఘ పుస్తకంలో ఆయన పేరు ఈ తమ్ముడే కొట్టేయించిండు. అది జరిగిన ఏడాదికి ఆయన పోయిండు. పేరు లేనోడికి సంఘం గోరీల దొడ్డిలో జాగా లేదన్నడు తమ్ముడు. రూల్ అంటే రూలే అన్నడు. పెద్దమ్మ కాళ్ళ మీద పడ్డదట. ఆఖరుకు నలుగురు బాయి పనోళ్ళు పాడె మోసి, వాగవతల తుప్పల్లో గుంట తవ్వి పెట్టిండ్రు. పాట లేదు, ప్రార్థన లేదు. పిడికెడు మన్నెయ్యడానికి సంఘం నుంచి ఒక్కరు రాలేదు.

అప్పటి నుంచి పదకొండేండ్లు అక్కాతమ్ముళ్ళకు మాటల్లేవు. ఒకటే వీధి, ఒకటే మందిరం. ఏదన్న చెప్పాల్సి వస్తే ఆమె చీపురుతో చెప్పేది. "చీపురా, కడిగిన బండలివి, చెప్పులు బయట ఇడవమని చెప్పవే పెద్దమనిషికి," అనేది. ఆయన చెప్పులు విడిచి లోపలికొచ్చేటోడు. మేం నవ్వాపుకోలేక చచ్చేటోళ్ళం. కాని బల్ల పాత్ర పట్టుకొని వరస వరసకూ తిరిగి ఇచ్చేది ఆయనే. ఆయన చేతి నుంచి ఆమె తాగదు. మా నవ్వు అక్కడ ఆగిపోయేది.

ఇక నా సంగతి. నేనా ఊరికొచ్చిన మొదటి ఏడాది వానాకాలంలో మా అమ్మ పోయింది. గోదావరి పోటు మీదుండె, వాగులన్నీ వెనక్కి తన్నినయి, రోడ్లు తెగినయి. ట్యాంకెక్కి ఫోన్ చేసిన. రేపు ఎట్లన్న వస్త, అమ్మను ఉంచమని చెల్లెను అడిగిన. సరే అక్కా అన్నది. తెల్లారి నడుములోతు నీళ్ళలో వాగు దాటి, ట్రాక్టరెక్కి, లారీ ఎక్కి, సాయంత్రానికి బోనకల్ చేరిన. వాకిట్లో టెంట్ విప్పుతున్నరు. అమ్మను ముందురోజే పెట్టేసిండ్రు. తడిమన్ను కుప్ప, దాని మీద బంతిపూలు. గంతే నాకు మిగిలింది. చెల్లె ఏదో చెప్పబోయింది. నేను దాని చెయ్యి విదిలించి, బట్టలు కూడా మార్చుకోకుండా వెనక్కి తిరిగిన.

ఆ తర్వాత నెల నుంచి చెల్లె డబ్బాలు పంపుడు మొదలుపెట్టింది. అమ్మ స్టీలు డబ్బాలు, అడుగున అమ్మ పేరు. ఒకసారి గోంగూర పచ్చడి, ఒకసారి సున్నుండలు, ఒకసారి కారప్పొడి. మా మరిది, అంటే చెల్లె పెనిమిటి, ఖమ్మం బస్టాండ్‌కు పోయి కండక్టర్ చేతికిస్తే, బస్సు మా ఊరి స్టేజీ మీదుగా పోయేటప్పుడు దించేటోడు. నేను తీసుకునేదాన్ని కాదు. డబ్బా మీద అమ్మ పేరు చూస్తే ఆ మన్నుకుప్పే యాదికొచ్చేది. రెండు డబ్బాలు స్టేజీ కాడి కొట్టులో అట్లనే పడున్నయి. మూడోది రాంగనే పెద్దమ్మ పోయి మూడూ తెచ్చుకుంది.

"మీ చెల్లె పచ్చడి మస్తుగుందే నర్సమ్మా. వెల్లిపాయ కొంచెం తగ్గింది," అన్నది నా ఎదురుగా నిలబడి.

"నువ్వు తిను, పారెయ్యి, నీ ఇష్టం. నాకు మాత్రం చెప్పకు," అన్న.

"ఏం చేసింది ఆ పిల్ల?"

చెప్పిన. చెప్తుంటే ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, రెండూ కలిసొచ్చినయి. ఆమె పుల్ల గుచ్చుతనే విన్నది.

"ఎందుకాగలేదని అడిగినవా?"

"అడగలే."

"అడగకుండనే శిక్షేసినవా?" అన్నది. ఇంకో పుల్ల గుచ్చి, "గుంటల నీళ్ళూరుతుంటే, ఎత్తిపోసుకుంట ఎత్తిపోసుకుంట అమ్మను దించిందో ఏమో. ఆ పిల్ల ఒక్కతే ఎట్ల పడ్డదో," అన్నది.

ఆ మాట నాకు ముల్లులాగ దిగింది. ఆరోజు చెల్లె ఒంటరిదని నాకసలు తోచనే లేదు. కాదు, తోచింది గాని ఒప్పుకోవాలంటే నా కోపం ఏం గావాలె? లేచి పోయిన. ఆ నెల మొదటి ఆదివారం లోపల కూర్చొని, చేతులు జోడించి అందరికీ వందనాలు చెప్పి, రొట్టె తిన్న, పాత్ర తాగిన. బయట గద్దె మీద ఆమె వీపు కనపడుతనే ఉంది.

డబ్బాలు రెండేండ్ల పైగా వస్తనే ఉన్నయి. పెద్దమ్మ తెచ్చుకుంటుందిలే, తింటుందిలే అని ఊరుకున్న. నేను పట్టించుకోనిది ఒక్కటే. ఆ ఊరి ఇండ్లలో ఎవరింటి గిన్నె వాళ్ళకు ఖాళీగా తిప్పి పంపరు. చారెడు బియ్యమో, నాలుగు మిరపకాయలో, ఏదీ లేకుంటే చిటికెడు ఉప్పో వేసి గాని ఇయ్యరు. మా అమ్మ కూడా అంతే. ఆ సంగతి నేనెట్ల మరిచిపోయిన్నో.

ఒకరోజు జిల్లా ఆఫీసుకు ఫోన్ చేద్దామని ట్యాంకెక్కిన. చేతిలో ఫోన్ మోగింది. తెలువని నంబరు. ఎత్తిన.

"అక్కా," అన్నది చెల్లె. "పెట్టెయ్యకక్కా. ఒక్క మాట. నువ్వు పంపిన తేనెతో పిల్లోడి దగ్గు తగ్గింది. అమ్మ జ్ఞాపకార్థ కూడికకు నువ్వు పంపిన విస్తర్లలోనే అన్నాలు పెట్టినం. నువ్వు రాకున్నా నీ చెయ్యి తగిలింది అనుకున్న అక్కా."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నేను పంపలే. నేను నీకేం పంపలే, పంప," అన్న.

"అట్లనా," అన్నది. ఫోన్ పెట్టేసింది.

ట్యాంకు మెట్లు ఎట్ల దిగిన్నో తెలువదు. తిన్నగా పెద్దమ్మ ఇంటికి పోయిన. ఆమె కడిగిన డబ్బాలో చింతపండు ఒత్తుతున్నది, మళ్ళీ పంపనీకి.

"ఎవరడిగిండ్రు నిన్ను? నా పేరు మీద పంపనీకి నువ్వెవరు?" అని అరిచిన.

"నీ పేరని చెప్పలేదే. ఖాళీ డబ్బా తిప్పి పంపొద్దని గింత పెట్టిన. ఆ పిల్ల నువ్వనుకున్నది. అనుకోనీ అని ఊకున్న." అంతట్లోనే నా మొహం చూసి, "చెప్పినవా ఏంది? నువ్వు గాదని చెప్పినవా?" అన్నది.

"చెప్పిన."

చింతపండు చేతులతోనే తల పట్టుకుంది. "అయ్యో నర్సమ్మా! ఎందుకు చెప్పినవే? అది గంత సంబరపడుతుంటే!"

అప్పుడు నా నోట్లో నుంచి రాకూడని మాట వచ్చింది. "నాకు నీతులు చెప్తున్నవా? పదకొండేండ్ల నుంచి సొంత తమ్మునితో చీపురు చేత మాట్లాడించేదానివి నువ్వు! అందరికీ రసం పిండి పోసి నువ్వు గుక్కెడు తాగలేవు. ముందు నీ గిన్నె సంగతి చూసుకో!"

ఆమె చేతులు మొదటిసారి ఖాళీగా ఒడిలో పడున్నయి. డబ్బా మూత పెట్టి పక్కకు జరిపింది.

"ఇదన్న తీసుకపో. మీ అమ్మది," అన్నది.

"నా కండ్ల ముందు పెట్టకు దాన్ని."

"సరే. నువ్వడిగిన్నాడు ఇస్త," అన్నది.

ఆ తర్వాత డబ్బాలు రాలేదు. ఒక్కటి కూడా. బస్సు స్టేజీ కాడ ఆగినప్పుడల్లా, వద్దు వద్దనుకుంటనే కండక్టర్ చేతుల దిక్కు చూసేదాన్ని.

రెండు వారాలకు మొదటి ఆదివారం వచ్చింది. ద్రాక్షరసం ఎప్పటిలాగనే బల్ల మీదికొచ్చింది. పాస్టరయ్య ఎప్పటి మాట చెప్పిండు. అందరం అలవాటుగా గుమ్మం దిక్కు చూసినం, పెద్దమ్మ లేస్తదని. ఆమె లేవలేదు. విస్తరి పక్కన పెట్టి, చెంగు నెత్తి మీదికి లాక్కొని కూర్చున్నది. ఆమె బీపీ ఎంతుంటదో అనుకున్న, పాడు నర్సు బుద్ధి.

తమ్ముడు పాత్ర పట్టుకొని ఆడోళ్ళ వరసలోకి వచ్చిండు. వంగి ఒక్కొక్కరి నోటికి అందిస్తున్నడు. ఆమె కాడికొచ్చిండు, దాటి పోయిండు. కావాలని కాదు. పదకొండేండ్లు ఆ జాగా ఖాళీ. ఆయన కాళ్ళకు అక్కడ ఆగే అలవాటే లేదు. పక్క మనిషికి ఇచ్చిండు, ఆ పక్క మనిషికి ఇచ్చిండు. పాట పాడేటోళ్ళు ఆపేసిండ్రు. పెద్దమ్మ మొహం నాకు కనపడుతున్నది. రాక రాక వచ్చి కూర్చుంటే దాటిపోయిండు గదా, లేచి పోతదనే అనుకున్న. నేనయితే పోయేదాన్ని.

"ఒరేయ్," అన్నది. "అక్కకు ఇయ్యవా?"

ఆయన ఎక్కడున్నోడు అక్కడ ఆగిపోయిండు. తిరిగి వచ్చిండు. మోకాళ్ళ మీద కూలబడ్డడు. పాత్ర పట్టుకున్న చెయ్యి వణికి సగం రసం ఆమె తెల్లచీర మీద ఒలికింది. ఆమె ఆయన చెయ్యిని తన చేత్తో పట్టి నిలబెట్టుకొని తాగింది. "మెల్లగ, మెల్లగ," అన్నది. చిన్నపిల్లోడికి చెప్పినట్టే.

తర్వాత వంతు నాది. నేను తల అడ్డంగా ఊపి లేచిన. బయటికి పోయి బోరింగ్ గద్దె మీద కూర్చున్న, మందిరానికి వీపు పెట్టి. సిమెంటు చల్లగా ఉంది.

ఆరాధన అయినంక ఆమె వచ్చి నా పక్కన కూర్చున్నది. చీర మీద మరక ఇంకా తడిగానే ఉంది.

"అయితే అయిపోయిందా పెద్దమ్మా? మాఫీ చేసినట్టేనా?" అన్న.

"యాడైతదే!" అన్నది. "పొద్దున లేస్తే ముందు వాగవతలి గోరీయే యాదికొస్తది. రేపూ వస్తది. నిన్న ఊడ్చిన గదా అని ఇయ్యాల వాకిలి ఊడ్వకుంటవా? ఆకు రాలుతనే ఉంటది, ఊడుస్తనే ఉండాలె. నువ్వు తిట్టినా నిజమే తిట్టినవ్ తియ్యి." ఇంకో మాట కూడా అన్నది. "ఆ పిల్ల డబ్బా నేను మోసుకుంట తిరిగిన గాని, నా గిన్నె నేనే బోర్లించి పెట్టుకున్న."

నేను నా చెంగుతో ఆ మరక అద్దిన.

"నువ్వెందుకు ఈడ కూసున్నవ్?"

"లోపల కూర్చునేంత మాఫీ నా దగ్గర లేదు గనక."

"మంచిదే. అబద్ధంగ లోపల కూసునుడు కంటె నిజంగ బయట కూసునుడే మేలు. కాని ఈ గద్దె మీద కాపురం పెట్టకు నర్సమ్మా. చల్లగ ఉంటది. అలవాటైతది," అన్నది.

ఆ ఎండాకాలంలో ఆమె తమ్ముడు వాగవతల బావ గోరీ చుట్టూ గొడ్లు తొక్కకుండ ముండ్లకంప నాటించిండని విన్న. ఆమె ఎదురుపడితే ఆయనను తిట్టేది కూడా, చీపురుతో పని లేకుండా నేరుగానే. ఆ ఊళ్ళో ఇంకో ఏడాది ఉన్న. ఆ ఏడాదంతా నేను గద్దె మీదనే కూర్చున్న. నాకు కారేపల్లికి బదిలీ అయిన రోజు స్టేజీ దాకా వచ్చింది. సంచిలో చింతపండు, విస్తర్ల కట్ట పెట్టింది. బస్సెక్కేటప్పుడు, "ఏమన్న అడుగుతవా?" అన్నది. డబ్బా గురించే అని నాకు తెలుసు. "ఏం లేదు పెద్దమ్మా, గోళీలేసుకో," అన్న. బస్సు కదిలింది. కిటికీలో నుంచి పిలిచిన. వెనక నుంచి పిలిస్తే ఆగే మనిషి కాదు గదా, పోతనే ఉన్నది.

అది మూడేండ్ల కిందటి మాట. ఒక్కసారి పోయి చూసి రాలేదు. ఇదుగో, ఆమె తమ్ముడు దవాఖానా బెంచీ మీద కూర్చొని కండ్లు తుడుచుకుంటున్నడు.

"ఎక్కడ పెట్టిండ్రు మామా?" అని అడిగిన.

"వాగవతలనే. బావ పక్కన. సంఘం దొడ్డిల జాగా ఉన్నది గాని ఆమె ఒద్దన్నది. సంఘమంతా వాగు దాటొచ్చింది నర్సమ్మా. అందరం మన్నేసినం, ఆమెకు పిడికెడు, బావకు పిడికెడు," అన్నడు. మళ్ళీ డబ్బా దిక్కు చూసి, "ఖాళీగ తెచ్చిన. తప్పేనేమో," అన్నడు.

ఆయనకు చాయ్ తాగిపిచ్చి బస్సెక్కించిన. ఆ రోజు సోమవారం. గురువారం దాకా డబ్బాను ఇంట్లో ఆ గూట్లో పెట్టి, ఈ గూట్లో పెట్టి తిరిగిన. ఏం పెట్టి పంపాలె? తేనె ఇక్కడ మంచిది దొరకదు. పచ్చడి నాకు రాదు. అరటిపండ్లు పెడితే నవ్వుతది. కండక్టర్‌కు ఇస్తే ఎవరొస్తరు తీసుకోనీకి? నేను పంపలే, పంప అన్నదాన్ని, ఇప్పుడు ఏ మొహం పెట్టుకొని పంపాలె? శుక్రవారం పొద్దున లీవ్ చీటీ రాసి పారేసి, ఖాళీ డబ్బా చంకలో పెట్టుకొని ఖమ్మం బస్సెక్కిన. అక్కణ్ణుంచి ప్యాసింజర్. బోనకల్ స్టేషన్‌లో దిగేదాకా చెప్పాల్సిన మాటలు నోట్లోనే కూడబలుక్కున్న. స్టేషన్ దాటంగనే ఒక్కటి గుర్తు లేదు.

వాకిట్లో చెల్లె బియ్యం చెరుగుతున్నది. జుట్టులో తెల్లవెంట్రుకలొచ్చినయి. చాట ఆగిపోయింది. లేవలేదు, రమ్మనలేదు. నా దిక్కు కాదు, నా చంకలో డబ్బా దిక్కు చూసింది. దగ్గరికి పోయి చేతికిచ్చిన. అది తిప్పి అడుగున పేరు చూసుకున్నది. మూత తీసింది.

"ఖాళీదే తెచ్చినవా అక్కా?" అన్నది.

"ఖాళీదే," అన్న. "పొద్దుటి నుంచి ఏం తినలేదే. అక్కకు పెట్టవా?"